వేటకు నానార్థాలు

నానార్థాలు రాయండి అనేది తెలుగు పరీక్షలో పిల్లలు తేలిగ్గా మార్కులు తెచ్చుకునే ప్రశ్న. ఒక మాట ఇస్తాం, దానికున్న వేర్వేరు అర్థాలు రాయాలి. హైస్కూల్లో ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్నకు మార్కులు వేస్తున్నదాన్ని, మా ఇంట్లో, మా భోజనాల బల్ల దగ్గర ఆ ప్రశ్న తప్పాను. మాట ‘వేట’. మా కృష్ణా జిల్లాలో ఆ మాట ఎవరి నోటి నుంచి వచ్చిందో చూసుకుని అర్థం చెప్పుకోవాలి. బందరు వైపు సముద్రం మీదికి పోయేవాళ్ళు వేటకెళ్ళామంటే చేపలకు వెళ్ళారని. ఆదివారం పొద్దున మా వీధిలో ఎవరైనా వేట తెచ్చుకున్నామంటే మేకమాంసం తెచ్చుకున్నారని. అమ్మవారికి వేట ఇచ్చారంటే మేకపోతును బలి ఇచ్చారని. తుపాకి పట్టుకుని పోవడమనే అర్థం నిఘంటువులో ముందు ఉంటుంది గాని, మాకు దానితో పని పడదు. మా చుట్టూ ఉన్నవి వరిచేలు, చెరుకు తోటలు, చేపల చెరువులు. తుపాకితో కాల్చాల్సినంత జంతువేదీ వాటిలో తిరగదు.

ముందు నా మొక్కు సంగతి చెప్పాలి. రెండేళ్ళ కిందట మా వారికి గుండెపోటు వచ్చింది. ఆయనకు బెజవాడ గవర్నరుపేటలో నీళ్ళ మోటార్ల షాపుంది. ఆ రోజు ఎవరికో మోటారు ఎత్తి ఇవ్వబోయి అక్కడే కూలబడ్డారు. ఆస్పత్రిలో ఆయన్ను లోపలికి తీసుకుపోయి తలుపు వేసేశాక, నేను వరండాలో గోడకానుకుని, ఉయ్యూరు దగ్గర మా అత్తవారి ఊళ్ళో ఉన్న గ్రామదేవతను తలుచుకున్నాను. ‘మనిషిని ఇంటికి పంపించు తల్లీ, నీకు వేట ఇస్తాను’ అన్నాను. చదువుకున్నదానివి, నీకీ మొక్కులేమిటని ఎవరైనా అడిగితే, ఆ వరండాలో ఒక్క గంట నిలబడి వచ్చాక మాట్లాడమంటాను.

ఆయన స్టెంట్లతో ఇంటికి వచ్చారు. కొంచెం తేరుకున్నాక మొక్కు సంగతి చెప్పాను. తింటున్న కంచం పక్కకు జరిపారు.

“నా పేరు చెప్పి ఓ జీవాన్ని కొయ్యొద్దు” అన్నారు.

“మాటిచ్చేశానండీ.”

“మాటిచ్చింది నువ్వు. మెడ ఇచ్చేది అది. మధ్యలో నన్ను లాగకు.”

మనిషి అంతే. ఆదివారం కోడికోసం వెళ్తే, కొట్టువాడు కత్తి తీయగానే ఈయన వీపు తిప్పుకుని నిలబడి రోడ్డు మీద పోయే బస్సుల బోర్డులు చదువుతారు. ఇంటికొచ్చాక కూర మాత్రం అడిగి వడ్డించుకుంటారు. ఇదేం ధర్మమండీ అంటే, అది వేరు అంటారు. ఎలా వేరో ఏనాడూ చెప్పలేదు.

మొక్కు అలాగే ఉండిపోయింది. ఆయన దగ్గినా, చెయ్యి నొప్పి అన్నా, రాత్రి మజ్జిగ సహించక పొట్ట పట్టుకున్నా నాకు ఆ తీరని మొక్కే గుర్తొచ్చేది. అమ్మవారి మీద నాకున్న భక్తి సంగతి ఏమో గాని, భయం మాత్రం చాలా ఉంది. అందుకని మిగిలిన జాగ్రత్తలన్నీ నేనే తీసుకున్నాను. పడకగది కిందికి మార్చాను. ఉప్పు నా చేత్తోనే వేశాను. పటమటలో మా మేడ మీద ఆయన ప్లాస్టిక్ కుర్చీ ఒకటుండేది, సాయంత్రం అందులో కూర్చుంటే మొగల్రాజపురం కొండలు కనిపిస్తాయి. మెట్లు ఎక్కకూడదు కదా అని ఆ కుర్చీని కూడా కిందికి దింపించేశాను. ఆయన దాన్ని కారు పక్కన వేసుకుని కూర్చునేవారు.

మొన్నటి ఎండాకాలం చివర్లో, ఆయన చిన్ననాటి స్నేహితుడు ప్రతి ఆదివారం మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. హనుమాన్ జంక్షన్‌లో రైసుమిల్లు ఆయనది. నన్ను చెల్లెమ్మా అంటారు, నేను అన్నయ్యగారూ అంటాను. ఇద్దరూ హాల్లో కూర్చుని గుసగుసలాడుతుంటే వంటింట్లోకి ముక్కలు ముక్కలుగా వినిపించేది. ‘వేటకి దసరా వెళ్ళాక అయితే బావుంటుంది.’ ‘మగదే అయ్యుండాలి.’ ‘బాగా వయసైనదాన్ని చూసి చూపిస్తారంట.’

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. మొండి మనిషి, నాకు తెలియకుండా మొక్కు తీర్చే ఏర్పాటు చేస్తున్నారనుకున్నాను. ముదురు పోతు మాంసం ఉడకదు కదా, లేతది చూసుకోరేం అని మాత్రం అనిపించింది. అడిగితే బిగుసుకుపోతారని అడగలేదు. కంకిపాడులో ఉన్న మా ఆడపడుచుకు ఫోను చేసి, “వదినగారూ, మీ తమ్ముడు వేటకి ఒప్పుకున్నారండీ” అని చెప్పాను.

ఆవిడకు చెప్పడమంటే ఊరంతా టముకు వేయడమే. వారం తిరక్కుండా పోతును కొని దొడ్లో కట్టేశారు. చుట్టాలకు చెప్పేశారు. డప్పుల వాళ్ళతో కూడా మాట్లాడేశారు. ఆ తర్వాతి ఆదివారం, నేను బల్ల మీద పునుగులు పెడుతుండగా ఆవిడ ఫోను చేస్తే, అందరూ విననీ అని స్పీకరు నొక్కాను.

“ఏరా తమ్ముడూ, పోతు ఎంత బావుందిరా. మచ్చన్నది లేదు, నిగనిగలాడే నలుపు. కొమ్ములు జానెడున్నాయి.”

మా వారు బిత్తరపోయి చూశారు. అన్నయ్యగారు పునుగు నములుతూ, “జానెడేంటక్కా, మాకు చూపిస్తామన్నదానికి కొమ్ములు మూడడుగులకి పైనే” అన్నారు.

“మూడడుగుల కొమ్ములా? ఏ ఊళ్ళోది నాయనా అది?”

“మంగోలియాదక్కా.”

ఆ పేరు రెండుసార్లు పలికి చూసుకోవడం ఫోనులో వినిపించింది. తర్వాత వదినగారు, “అది ఏ మండలం?” అన్నారు.

మా వారు నా వంక చూడకుండా ట్యాబ్ తెరిచి బల్ల మీద పెట్టారు. అందులో గడ్డిపరక కూడా లేని గోధుమరంగు కొండలు, ఒకదాని వెనక ఒకటి, ఆకాశం దాకా ఉన్నాయి. ఒక రాతి అంచున ఓ కొండమేక నిలబడి ఉంది. దాని కొమ్ములు వెనక్కి వంగి వీపును తాకుతున్నాయి. ఢిల్లీ మీదుగా విమానాలు మారి మంగోలియాలో దిగి, అక్కడి నుంచి ఎడారిలో రెండు రోజులు జీపు మీద పోతారట. గుడారాల్లో ఉండి, గుర్రాలెక్కి, ఆ తర్వాత నడిచి పదివేల అడుగుల ఎత్తుకు ఎక్కుతారట. అక్కడి ప్రభుత్వం పర్మిట్ ఇస్తుందట, తుపాకి అక్కడే ఇస్తారట. కొమ్ములు మన దేశానికి తెచ్చుకునే వీల్లేదట, ఫొటో ఒక్కటే మిగులుతుందట. అన్నయ్యగారు ఇదంతా తిరుపతి దర్శనం టిక్కెట్ల గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పుకుపోయారు.

చేతిలో చిల్లుల గరిట నుంచి నూనె చుక్కలు బల్ల మీద పడుతున్నా చూసుకోలేదు. నేను పెళ్ళి చేసుకున్నది కోడికొట్టు దగ్గర బస్సుల బోర్డులు చదివే మనిషిని. ఈ బొమ్మలోని మేకను కాల్చడానికి బయల్దేరుతున్న మనిషెవరో నాకు తెలియదు.

“ఊళ్ళో పోతును కొయ్యొద్దన్నారు. అంత దూరం పోయి ఎవరి పోతునో కాలుస్తారా?” అన్నాను.

“అది వేరు.”

“ఎలా వేరో ఇవాళ చెప్పాల్సిందే.”

మొదటిసారి చెప్పారు. “ఊళ్ళోదానికి పసుపు రాసి, తాడు కట్టి, నలుగురు పట్టుకుంటారు. అక్కడ అది పైనుంటుంది, నేను కిందుంటాను. దానికి నాకన్నా కళ్ళు బాగా కనిపిస్తాయి. పారిపోవాలనుకుంటే పారిపోతుంది.”

“గుండెలో నొప్పొస్తే మీరెక్కడికి పారిపోతారండీ?”

“డాక్టర్ గారినడిగాను. పర్లేదన్నారు.”

ఆ మాటతో నా నోరు మూతపడింది. రెండేళ్ళుగా నాకు అమ్మవారి తర్వాత డాక్టర్ గారే. ఆయనే సరే అంటే కాదనడానికి నేనెవరిని? పోయినసారి చెకప్‌కి మా వారిని అన్నయ్యగారు తీసుకెళ్ళారు, నాకు స్కూల్లో పరీక్షలున్నాయి. అప్పుడే అడిగేశారన్నమాట. నేను గరిట తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఫోనులో ఇంకా ఉన్న వదినగారు, “అయితే పోతునేం చెయ్యమంటార్రా?” అని అడుగుతున్నారు. ఆవిడే, “సరే, మేపుతుంటాను, ఇవాళ కాకపోతే రేపు” అని పెట్టేశారు.

ఆ తర్వాత మా ఇంట్లో జరిగిన సన్నాహం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎడారి అంటే ఎండ అని ఇద్దరూ తీర్మానించుకున్నారు. “బెజవాడ ఎండల్లో బతికినోళ్ళకి ఎండ గురించి చెప్పాలా చెల్లెమ్మా” అన్నారు అన్నయ్యగారు. సబ్జా గింజలు, నిమ్మకాయ షర్బత్ సీసాలు, తలకు చుట్టుకునే తువ్వాళ్ళు పెట్టెలో చేరాయి. నాకు అనుమానం వచ్చి ట్యాబ్‌లో వెతికితే, దసరా వెళ్ళాక ఆ కొండల మీద రాత్రి సీసాలో నీళ్ళు గడ్డకడతాయని ఉంది. చదివి వినిపించాను. అన్నయ్యగారు నమ్మలేదు, ఎడారిలో చలేమిటమ్మా అన్నారు. నాలుగుచోట్ల చూసి నమ్మాక ఆ పూట ఆయన భోజనం సరిగా చేయలేదు. మా ఇంట్లో ఉన్న ఉన్నిబట్ట ఒక్క మంకీ టోపీ. అదీ ఎవరో కాశీకి పోతూ కొనుక్కుని మాకు వదిలేసింది.

గురి నేర్చుకోవడానికి మిల్లు వెనక తవుడు బస్తాల మీద డబ్బాలు పెట్టి ఎయిర్‌గన్‌తో కాల్చేవారు. మా వారు ట్రిగ్గరు నొక్కేటప్పుడు కళ్ళు మూసుకుంటున్నారని అన్నయ్యగారు నవ్వుతూ చెప్పారు. నాకు నవ్వు రాలేదు. రోజూ తల కింద చెయ్యి పెట్టుకుని పడుకుని, ఆయన ఊపిరి వినేదాన్ని. డాక్టర్ గారు అన్నారు కదా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

ప్రయాణానికి ముందు చెకప్‌కి ఈసారి నేనే వెళ్ళాను. డాక్టర్ గారు చిన్నవారు, గుడివాడ వైపు మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. రక్తపరీక్ష కాగితాలు చూసి, “కొలెస్ట్రాల్ కొంచెం పెరిగిందండీ. వేట ఎక్కువవుతున్నట్టుంది” అన్నారు.

నేను అర్థంకాక చూశాను.

“పూర్తిగా మానెయ్యమనట్లేదమ్మా. నెలకోసారి, కొవ్వు తీసేసి, రెండు ముక్కలు. నూనె తగ్గించి వండండి.”

మా వారి వైపు తిరిగాను. ఆయన గోడ మీద గుండె బొమ్మను శ్రద్ధగా చూస్తున్నారు.

“డాక్టర్ గారూ, పోయినసారి ఈయన మిమ్మల్ని ఏమనడిగారండీ?”

“వేటకి పర్లేదా డాక్టర్ గారూ అన్నారు. ఎప్పుడన్నా ఒకసారి పర్లేదన్నాను. ఏమ్మా?”

చెప్పాను. కొండలు, ఎత్తు, చలి, తుపాకి, అన్నీ చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టారు. మా వారిని ఒకటే ప్రశ్న అడిగారు.

“అక్కడి నుంచి ఆస్పత్రికి ఎంత దూరమండీ?”

“జీపులో రెండు రోజులు” అన్నారు మా వారు, గోడ వంకే చూస్తూ.

డాక్టర్ గారు ఆ పూటే ఆయన్ను ట్రెడ్‌మిల్ ఎక్కించారు. పరీక్ష సగంలోనే ఆపేయాల్సి వచ్చింది. చెమటలు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్న మనిషితో, “ఆ ఎత్తుకు మీ గుండె తట్టుకోదు. వెళ్తే తిరిగి రారు” అని నెమ్మదిగానే చెప్పారు. అంతటితో ఆపలేదు. “అలాగని కదలకుండా కూర్చోమనట్లేదు. రోజూ నడవండి. మెట్లెక్కండి. కావాలంటే మన దుర్గమ్మ కొండ ఎక్కండి, ఆగి ఆగి.”

“మెట్లు ఎక్కొచ్చా అండీ?” అన్నారు మా వారు.

“మేడ కూడా ఎక్కట్లేదా? నేనెప్పుడు వద్దన్నాను?”

ఇద్దరూ నా వైపు చూశారు. నేను హ్యాండ్‌బ్యాగులో తాళాలు వెతుక్కున్నాను.

కారు బందరు కాలువ పక్కన చెట్టు కింద ఆపమన్నాను. ఇంటిదాకా ఆగేంత ఓపిక నాకు లేదు.

“ఆయన మాంసం గురించి అనుకుంటున్నారని మీకు అప్పుడే తెలుసు.”

“తెలుసు.”

కాదంటారని, తెలియక జరిగిందంటారని ఎదురుచూశాను. ఆ ఒక్కమాటకు నేను సిద్ధంగా లేను. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఈయన నాతో అబద్ధమాడగా నేను చూడలేదు. ఇప్పుడూ ఆడలేదు. నిజమైన మాటనే పట్టుకెళ్ళి ఎదుటి మనిషి చెవిలో తప్పుగా పడేట్టు వేసి వచ్చారు. నా క్లాసులో ఇంత తెలివైన పిల్లవాడు ఒక్కడూ లేడు.

“మరి అక్కడే సరిదిద్దాలనిపించలేదా?”

“పర్లేదు అన్నాడుగా. ఆ మాట విని రెండేళ్ళయింది.”

నేను ఏదో అనబోయాను. ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కాలువలోకి చూస్తూ మాట్లాడారు.

“మా అక్క ఆ పోతును మేపుతోందిగా. వేళకి మేత పెడుతుంది, వేళకి నీళ్ళు పెడుతుంది. ఎండలో కట్టదు, వానలో కట్టదు. నువ్వూ నన్ను అంత బాగానే చూస్తున్నావు. దేనికి మేపుతున్నారో దానికి తెలియదు. నాకు తెలుసు.”

“అంటే, అక్కడే పోయినా పర్లేదనుకున్నారా?”

“అనుకున్నాను.”

నేను ఏడ్చాను. కోపంతో ఏడ్చానో, భయంతో ఏడ్చానో ఇప్పటికీ తెలియదు. నేను మొక్కింది ఈ మనిషి కోసం. ఉప్పు తగ్గించింది ఈ మనిషి కోసం. ఊపిరి లెక్కపెట్టుకుంటూ పడుకున్నది ఈ మనిషి కోసం. ఆ మనిషి నా పక్కనే పడుకుని, నేను లేనిచోట పోవాలని ఏర్పాట్లు చేసుకున్నాడు. మరి నా సంగతి అని అడిగాను. “అది ఆలోచించలేదు” అన్నారు. వెనక లారీవాడు హారను కొడితే కారు తీశారు.

వెళ్ళట్లేదని ఆయన అన్నయ్యగారికి చెప్పలేదు, వెళ్తున్నానని నాకూ చెప్పలేదు. దసరా దగ్గరపడుతున్నా పెట్టె మంచం కిందే ఉంది. నేను ఎన్నిసార్లు ఊడ్చినా దాన్ని కదపలేదు. అడగాలంటే భయం వేసింది. వద్దంటే వినే మనిషైతే డాక్టర్ దగ్గర ఆ మాట అలా వాడరు కదా. వదినగారు ఫోను చేసి పోతు బాగా ఒళ్ళు చేసిందన్నారు. నాకు వినబుద్ధి కాలేదు.

దసరా జనం తగ్గాక ఒకరోజు తెల్లవారకుండానే లేపి, “కొండకి వెళ్దాం పద” అన్నారు. ఏ కొండకని అడిగాను. “డాక్టర్ చెప్పిన కొండకే” అన్నారు. నాలుక కింద పెట్టుకునే మాత్రలు కొంగున కట్టుకుని వెంట నడిచాను.

ఆయన నిజంగానే ఆగి ఆగి ఎక్కారు. ఆగినప్పుడల్లా నేను ఆయన మొహం చూశాను. సగం దూరం వచ్చేసరికి ఆయాసం నాకే వచ్చింది. ఇన్నాళ్ళూ ఆయన్ను ఎక్కనివ్వకపోతే నేను మాత్రం ఎక్కడ ఎక్కాను? “నువ్విక్కడే కూర్చో” అని ఆయన పైకి వెళ్ళారు. వద్దని గొంతుదాకా వచ్చింది, ఊపిరి అందక ఆగింది. మలుపు తిరిగాక ఆయన చొక్కా కూడా కనిపించలేదు.

అక్కడ కూర్చున్నంతసేపు నాకు ఆస్పత్రి వరండాయే గుర్తొచ్చింది. పైనుంచి దిగుతున్న ప్రతి మనిషి మొహంలోనూ ఏదైనా కబురుందేమోనని చూశాను. మాత్రలు నా కొంగునే ఉండిపోయాయని అప్పుడు గుర్తొచ్చింది. లేచి నాలుగు మెట్లు ఎక్కి, మళ్ళీ కూలబడ్డాను. అప్పుడు ఆయన కనిపించారు. నుదుట కుంకుమ, చొక్కా అంతా చెమట. ఒక్కో మెట్టూ నిదానంగా దిగివచ్చి నా పక్కన కూర్చుని, నాకు బొట్టు పెట్టారు.

“నీ మొక్కు తీరిపోయింది” అన్నారు.

“ఏ మొక్కండీ?”

“మనిషిని ఇంటికి పంపిస్తే వేట ఇస్తానన్నావుగా. ఇచ్చేసి వచ్చాను.”

నేను ఆయన చేతుల వంక చూశాను. కుంకుమ పొట్లం తప్ప ఏమీ లేదు.

“నా వేట ఇచ్చేశానే. ఇక పోను. వాడికి కూడా పైనుంచే ఫోను చేసి చెప్పేశాను.”

అర్థమవడానికి నాకు కాసేపు పట్టింది. “నేను మొక్కింది ఊళ్ళో అమ్మవారికండీ” అన్నాను చివరికి.

“అక్కచెల్లెళ్ళేగా, ఆవిడ చెబుతుందిలే. మా అక్కకి ఫోను చేసి ఆ పోతు తాడు విప్పెయ్యమను.”

ఇద్దరం ఆ మెట్టు మీదే కూర్చున్నాం. కింద కృష్ణ మీద వెలుగు వస్తోంది. ఆయన ఊపిరి నెమ్మదించాక, “సాయంత్రం నా కుర్చీ మేడ మీదికి పంపిస్తావా?” అని అడిగారు.

“మీరే మోసుకెళ్ళండి” అన్నాను.